పన్నెండో సీసా

మాధవీలత పాల్మాకులలో స్నేహితురాలు శ్రీలత ఇంటి ముందు స్కూటర్ ఆపేసరికి ఒంటిగంటా పది. శ్రీలత ఫోన్ చేసింది పన్నెండూ నలభై ఐదుకి. చెప్పింది నాలుగు ముక్కలే. "పన్నెండు వైన్ సీసాలల్ల ఒకటి పోయిందక్కా. మా డ్రైవర్ కొండల్ మీద పెడుతున్నరు. ఆయన తియ్యడు. జర తొందరగ రా."

హాల్లోకి అడుగు పెట్టగానే పులిహోర పోపు వాసన వచ్చింది. గోడ పక్కన ఏడు సూట్‌కేసులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదాని పిడికీ ఎర్ర రిబ్బన్. పద్దెనిమిదేళ్ళు ఎయిర్‌లైన్స్‌లో తప్పిపోయిన సామాను వెతికే సెక్షన్‌లో పనిచేసి, ఆ తర్వాత శంషాబాద్ బస్టాండు దగ్గర సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మాధవీలతకు ఆ రిబ్బన్లు చూడగానే మనసు తేలికయింది. మొదటిసారి దూరం పోయేవాళ్ళు మాత్రమే ఇంత ముచ్చటగా ముడి వేస్తారు.

హాలు మధ్య బల్ల మీద ఒక కాగితం. దానికి అటువైపు రాజశేఖర్, ఇటువైపు చేతులు కట్టుకుని కొండల్.

రాజశేఖర్‌ను చూడగానే మాధవీలత నవ్వింది. ఇద్దరిదీ ఒకే వృత్తి. పోయినేడు ఒక పెళ్ళి ఇంట్లో పోయిన గొలుసు దగ్గర ఇద్దరూ తగువులాడుకున్నారు. గొలుసు ఆమెకు దొరికింది. ఫీజు ఆయనకు దొరికింది.

"మీరా? సామాను పోలేదండీ, సీసా పోయింది. ఇది మీ సెక్షన్ కాదు," అన్నాడు రాజశేఖర్.

"సీసా సూట్‌కేసులో పోతది కద సార్. అందుకే వచ్చిన," అంది మాధవీలత కుర్చీ లాక్కుంటూ. "ఎవరు పిలిచిన్రు మిమ్మల్ని?"

"ట్రావెల్ కంపెనీ ఓనరు అరుణ్‌కుమార్ గారు. సీసాలు వాళ్ళు ఇచ్చినవే."

శ్రీలత చెంగుతో మొహం తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పింది. ఆమె భర్త హరిప్రసాద్, వాళ్ళ పెళ్ళై పాతికేళ్ళు నిండాయని ఇంటిల్లిపాదినీ షిప్పు ఎక్కిస్తున్నాడు. సాయంత్రం ఐదూ నలభైకి చెన్నై ఫ్లైటు, రేపు షిప్పు, ఎల్లుండి కొలంబో. పన్నెండుమంది. అందులో హరిప్రసాద్ తల్లి అనంతమ్మ ఉంది, ఇరవై ఏళ్ళుగా బండి తోలుతున్న కొండల్ కూడా ఉన్నాడు. హరిప్రసాద్ గడ్డం గీయించుకోవడానికి శంషాబాద్ పోయాడు. మిగతా చుట్టాలు నేరుగా ఎయిర్‌పోర్టుకే వస్తారు.

"షిప్పుల వైన్ మస్తు పిరమంట. అందుకని తలా ఒక సీసా మనమే తీస్కపోవచ్చట. మూత తియ్యనిది, చేతిల పట్టుకొని ఎక్కాలె. కంపెనోళ్ళు పన్నెండు మందికి పన్నెండు సీసాలు బహుమతి ఇచ్చిన్రు."

"మీ ఇంట్ల వైన్ తాగేదెవరు?"

"ఎవ్వరు లేరు," అంది శ్రీలత సిగ్గుపడుతూ. "వట్టిగనే ఇస్తే వద్దనుడెందుకని."

మాధవీలత నోటుబుక్కు తెరిచింది. "కొండల్, పొద్దున్నుంచి చెప్పు. గడియారం చూసి చెప్పు."

కొండల్‌కు నలభై ఐదు దాటి ఉంటాయి. కొత్త చొక్కా, దాని మడతలు ఇంకా పోలేదు. "ఆరాంఘర్‌ల కంపెనీ ఆఫీసు కాడ తొమ్మిదిన్నరకు డబ్బ ఎక్కిచ్చుకున్న. పదీ ఇరవైకి గీడ దించిన. శ్రీలత వదినె ఇప్పి లెక్క చూసింది, పన్నెండు. పదకొండుకు వదినె జాకెట్లు తెచ్చెతందుకు టైలర్ కాడికి పోయిన. పదకొండూ నలభైకి వచ్చి పైనుంచి సూట్‌కేసులు దించిన. గంతే అక్కా."

"అదే పదకొండూ నలభైకి హాల్లో ఇతనొక్కడే ఉన్నాడు," అన్నాడు రాజశేఖర్. "శ్రీలత గారు స్నానానికి వెళ్ళారు. ఐదు నిమిషాలు చాలు. పన్నెండూ పదికి లెక్క పెడితే పదకొండు."

"సూట్‌కేసులు ఏడు సార్," అన్నాడు కొండల్. "ఒక్కొక్కటి ఒక్కో చేతితోని దించిన. సీసా ఏడ పెట్టుకోవాలె? నోట్లెనా?"

శ్రీలత నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. మాధవీలత నవ్వలేదు. కాగితం తీసి చదివింది.

"ఈ పెట్టె, ఇందులోని వైన్ సీసాలు నావి. వాటి వల్ల ఏం జరిగినా బాధ్యత నాది." ఆమె తలెత్తింది. "ఈ కాయితం పొద్దున గూడ ఉన్నదా?"

"డబ్బ ఇచ్చేటప్పుడే పెట్టుమన్నరు," అన్నాడు కొండల్. "ఇంటికి పోయి వదినెకు సూపెట్టి పెడ్త అన్న. ఇప్పుడు ఈ సారు, పెట్టకపోతే నువ్వే తీసినట్టు అంటుండు. తియ్యనిదానికి ఎట్ల పెడ్త అక్కా?"

"పెట్టకపోతే ఏమైతది?"

రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "మూడింటికి కంపెనీ వ్యాను సామాను కోసం వస్తుంది. అప్పటికి సంతకం పెడితే అందరూ వెళ్తారు. లేకపోతే ఇతని టికెట్ రద్దు. ఎయిర్‌పోర్టు క్యాబ్ స్టాండుకు ఫిర్యాదు వెళ్తుంది. స్టాండులో బండి పెట్టనివ్వరు."

కొండల్ తల వంచుకున్నాడు. ఖాళీ రోజుల్లో ఆ స్టాండులో బండి పెట్టే ఇల్లు నడుపుకుంటాడు. ఇంకో గంటన్నరలో అతనికి షిప్పూ పోతుంది, స్టాండూ పోతుంది, దొంగన్న పేరు మాత్రం మిగులుతుంది.

"పోలీసులకు చెప్పిన్రా?"

"వద్దన్నారు. పెద్ద మనసుతో వదిలేద్దామన్నారు అరుణ్‌కుమార్ గారు."

మాధవీలత ఆ మాట రాసుకుంది. "శ్రీలతా, కంపెనీకి నువ్వు ఏమని ఫోన్ చేసినవ్?"

"ఫిర్యాదు గాదక్కా. ఒకటి తక్కువైంది, మా అత్తమ్మ సీసా లేకుంటనే ఎక్కొచ్చునా అని అడిగిన. గంతే. అర్ధగంటల ఈ సారు వచ్చిండు."

"బహుమతి ఇచ్చిన సీసా పోతే అర్ధగంటలో డిటెక్టివ్‌ను పంపే కంపెనీని నేను ఇప్పుడే చూస్తున్న," అంది మాధవీలత.

"కంపెనీకి పద్ధతి ఉంటుందండీ. పెట్టెలు వెతికినంత తేలిక కాదు, మనుషుల్ని వెతకడం."

"పెట్టెలకు సంతకాలు పెట్టించుడు మాత్రం మా సెక్షన్‌ల ఎన్నడు లేదు సార్."

ఆమె లేచి అట్టపెట్టె దగ్గరకు వెళ్ళింది. మూత లోపలివైపు కంపెనీ వాళ్ళు అంటించిన సూచనల కాగితం ఉంది. విమానంలో సీసాలు చెక్-ఇన్ సామానులో వెయ్యాలి. ఓడ ఎక్కేటప్పుడు బయటకు తీసి తలా ఒకటి చేత్తో పట్టుకోవాలి. అంతవరకు సరిగానే ఉంది. ఆఖరి వాక్యం దగ్గర ఆమె ఆగింది. షిప్పులో సీసా తెరవరాదు, కొలంబోలో దిగేటప్పుడు వెంట తెచ్చి కంపెనీ మనిషికి ఇవ్వాలి, అక్కడ విందు ఉంటుంది.

"షిప్పుల పిరమని సొంత సీసా తీస్కపోతరు," అంది ఆమె నెమ్మదిగా. "తీస్కపోయి షిప్పులనే తాగొద్దంటే ఇగ తీస్కపోవుడెందుకు?"

రాజశేఖర్ కూడా వంగి ఆ వాక్యం చదివాడు.

సీసాలు మూడు వరసల్లో ఉన్నాయి. తలుపు వైపు మూల గడి ఖాళీ. మిగిలిన పదకొండు సీసాల మెడల మీదా పసుపు, దాని మధ్య కుంకుమ బొట్టు.

"ఈ బొట్లు ఎవరు పెట్టిన్రు?"

"అత్తమ్మ. ఇంట్లకు కొత్తగ ఏమొచ్చినా పెడ్తది. మొన్న వాషింగ్ మెషీనుకు సుత పెట్టింది."

"ఎప్పుడు పెట్టింది?"

శ్రీలత ఆలోచించింది. "నేను లెక్క చూసినప్పుడు లేవు. స్నానం చేసి వచ్చినంక చూస్తే ఉన్నయి."

మాధవీలత మంచినీళ్ళు కావాలంది. శ్రీలత లేవబోతే వద్దని, తనే వంటింట్లోకి వెళ్ళింది. రాజశేఖర్ కూడా వెనకే వచ్చాడు, ఆమెను ఒంటరిగా వదలడం ఇష్టంలేనట్టు. స్టవ్వు మీద పులిహోర గిన్నె, పక్కన ఆలుగడ్డ వేపుడు, పెరుగు. గిన్నెల బుట్టలో కడిగి బోర్లించిన సామాను. గిన్నెలు, గరిటెలు, పళ్ళేలు. వాటి మధ్య ఒక పప్పుగుత్తి.

ఆమె నీళ్ళు తాగుతూ దానివైపే చూసింది. "శ్రీలతా, ఇయ్యాల పప్పు చేసినవా?"

"లేదక్కా. ఊరికి పోయేనాడు పప్పెందుకు? మిగిలితే పారబొయ్యాలె."

"మరి పప్పుగుత్తి ఎందుకు కడిగినవ్?"

శ్రీలత గుమ్మంలోకి వచ్చి చూసింది. "నేను కడగలే. పొద్దుగాల అది గోడకే ఉండె."

మాధవీలత పప్పుగుత్తి చేతిలోకి తీసుకుంది. పప్పు మెదిపే వైపు పొడిగా ఉంది. పిడి కొస మాత్రం తడి. ఆ కొస చెక్కలోకి ఊదారంగు బాగా ఇంకిపోయి, కడిగినా వదల్లేదు.

"కార్క్ తీసే మర ఈ ఇంట్ల లేదు కద?"

"ఆ పేరే ఇప్పుడు ఇంటున్న."

"తీసుడు రాకపోతే లోపలికి నూకాలె. పిడి సరిగ్గ మెడల పడుతది." ఆమె రాజశేఖర్ వైపు తిరిగింది. "సార్, సీసాను ఎత్తుకపోయి అమ్ముకునేటోడు వంటింట్ల నిలబడి పప్పుగుత్తితోని బిరడా నూకడు. నూకినంక ఆ గుత్తిని కడిగి బోర్లించడు. పెద్దమ్మ ఏడున్నది?"

రాజశేఖర్ పప్పుగుత్తిని తీసుకుని రెండువైపులా తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు.

అనంతమ్మ పెరట్లో జామచెట్టు నీడన మంచం మీద పడుకుని ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. కొత్త చీర, షిప్పు కోసం కొన్న తెల్ల బూట్లు. బూట్లతోనే పడుకుంది. అందరూ ఒక్కసారి రావడం చూసి లేచి కూర్చుంది.

"అప్పుడే బండి వచ్చిందా?"

"ఇంకా రాలే పెద్దమ్మా," అంది మాధవీలత మంచం పక్కన కూర్చుంటూ. "బూట్లు మంచిగున్నయి. కరుస్తున్నయా?"

"కరుస్తలేవు. అలవాటు కావాలె గదా అని ఏస్కున్న. నువ్వెవరు బిడ్డా?"

"శ్రీలత దోస్తును. పెద్దమ్మా, వైన్ సీసా ఒకటి కనబడ్తలేదట."

"ఎట్ల కనబడ్తది? నేను తీస్కున్న," అంది అనంతమ్మ.

శ్రీలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తమ్మా!"

"ఏంది? తలా ఒకటన్నరు గద. నా వంతుది నేను తీస్కున్న. ఒకళ్ళది తీసిన్నా?"

మాధవీలతకు నవ్వొచ్చింది. "ఏం జేసినవ్ పెద్దమ్మా దాన్ని?"

"మీ పెదబాపుకు సాక పోసిన. నీళ్ళు దాటి పోతున్నం. ఆయనకు జెప్పకుంట ఎట్ల పోత?"

కల్లయినా ఇంకేదయినా తాగేముందు పోయిన పెద్దలకు నాలుగు చుక్కలు నేల మీద పోయడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. కల్లు వారబోసినట్టే ఆమె వైన్ వారబోసింది. మూత తీసిన సీసాను షిప్పు వాళ్ళు రానివ్వరని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆగేది కాదు.

"ఇరవై ఏండ్లు ద్రాక్ష తోట జేసిండు మా ఆయన పెంటయ్య," అంది అనంతమ్మ. "పండు గంపలల్ల నింపి పంపుడే గని, దాని వైన్ ఎట్లుంటదో ఆయనకు తెల్వదు. గందుకని అదే పోసిన. కడుపు నిండింది నాకు."

"మరి గిప్పటిదాక చెప్పకపోతివి?" అంది మాధవీలత.

"ఎవరడిగిన్రు?"

"కొండల్ దొంగతనం జేసిండని సంతకం పెట్టుమంటున్నరు అత్తమ్మా," అంది శ్రీలత.

అనంతమ్మ మొహం మారిపోయింది. మంచం పట్టుకుని లేచింది. వెనకగా నిలబడ్డ కొండల్‌ను చూసి, తర్వాత రాజశేఖర్‌ను చూసింది. "నువ్వేనా అన్నది? మా ఆయనను దవాఖానకు తీస్కపోయి ముప్పై రాత్రులు బండిలనే పన్నడు వాడు. వాన్ని దొంగంటవా? మీ ఇంట్ల అన్నం తినెటోన్ని నువ్వు గట్లనే అంటవా?"

రాజశేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు చెప్పింది నేను చేశానమ్మా. పొరపాటయింది. కొండల్, ఏమనుకోకు."

"పోనీ సార్," అన్నాడు కొండల్. మొహం మీది చెమట తుడుచుకుని మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మా, ఒక మాట ముందుగాల జెప్తే గీ కొత్త చొక్క తడవకపోవు గద."

అందరూ నవ్వారు. అంతటితో అయిపోయిందనుకున్నారు. శ్రీలత అన్నాలు పెడతాను రమ్మంది. రాజశేఖర్ కూడా చేతిగడియారం చూసుకుని, సరే అన్నట్టు తలూపాడు. ఒంటిగంటా యాభై.

"మిగిలిన సీసా ఏది పెద్దమ్మా?" అని అడిగింది మాధవీలత.

"అగో, కడీ కాడ ఉన్నది. జర నాలికకు తగిలిచ్చిన, పాడువడ్డ చేదు. ఉమ్మేసిన. అప్పటిసంది నాలిక మొద్దువారింది. జామపండు కొరికిన, రుచే తెల్వలే."

మాధవీలత పెన్ను మూత పెట్టబోతూ ఆగింది. "మొద్దు అంటే?"

"పన్ను పీకే డాక్టరు సూది ఇయ్యడా, గట్ల. పెదవులు సుత తిమ్మిరి."

పాత తోట ఇప్పుడు లేదు. పందిరి కోసం పాతిన రాతి కడీలు రెండు మాత్రం పెరటి చివర నిలబడి ఉన్నాయి. మొదటి కడీ మొదట్లో పసుపు, నాలుగు పూలు, కొబ్బరిచిప్ప. రాతి మీద వైన్ పోసిన మరక. ఎండకు ఎప్పుడో ఆరిపోయింది. మాధవీలత మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. ఊదారంగు మరక మీదంతా తెల్లగా, ఉప్పు పేరినట్టు పలచటి పొర. గోరుతో గీస్తే పొడిగా రాలింది. కడీ వెనక సీసా ఉంది, సగానికి పైగా నిండుగా, మూతికి తమలపాకు మడిచి పెట్టి. ఎత్తి ఎండకు పట్టి చూసింది. అడుగున సన్నటి తెల్లటి రేణువులు కదిలాయి.

ద్రాక్షరసం ఆరితే బంక మిగులుతుంది. ఉప్పు మిగలదు.

"రాజశేఖర్ గారూ, ఇటు రండి. చెయ్యి పెట్టకండి, చూడండి."

ఆయన వంగి చూశాడు. లేచేసరికి మొహంలో రంగు లేదు. "ఇది..."

"ఎయిర్‌పోర్టుల కస్టమ్స్ వాళ్ళు షాంపూ సీసాల నుంచి తీస్తుంటె రెండుసార్లు చూసిన. మత్తుమందు. నీళ్ళల్ల కరుగుతది, నాలికను మొద్దు చేస్తది. పరీక్ష చేస్తే గని పేరు చెప్పలేం." ఆమె గొంతు తగ్గించింది. "తలా ఒక సీసా రానిస్తరు. పన్నెండు మంది అమాయకులు, పసుపు బొట్టు పెట్టి, చేతుల పట్టుకొని దాటిస్తరు. షిప్పుల తెరవొద్దు. అవుతలి ఒడ్డున కంపెనీ మనిషి తీస్కుంటడు. దొరికితే?"

జవాబు కొండల్ చెప్పాడు. "డబ్బ నాదని నేను రాసిస్తే నేనే గద జైలుకు పోయేది."

"ఇయ్యలే. ఇంకా ఇయ్యలే నువ్వు," అంది మాధవీలత అతని భుజం మీద చెయ్యి వేసి. "శ్రీలతా, పెద్దమ్మను దవాఖానకు తీస్కపో, ఉమ్మేసింది గని డాక్టరు చూస్తే మంచిది. హరిప్రసాద్‌కు ఫోన్ చేసి అట్నుంచి అటే పోలీస్ స్టేషన్‌కు పొమ్మను. ఇంట్ల ఎవరు ఆ డబ్బ ముట్టొద్దు."

"గట్లయితే షిప్పు లేనట్టేనా?" అంది అనంతమ్మ తన బూట్ల వైపు చూసుకుంటూ.

"షిప్పు ఏడికి పోతది పెద్దమ్మా, వచ్చే నెల మంచి కంపెనీతోని పోతరు. మొగని వాటా మొగనికి ఇచ్చి పన్నెండు మందిని జైలు బయట ఉంచినవ్."

అనంతమ్మకు ఆ మాటలో సగమే అర్థమైంది. ఆ సగానికే తృప్తిగా తలాడించి, కడీ మీద రాలిన పువ్వును సర్దింది.

రాజశేఖర్ బల్ల మీది నుంచి తెచ్చిన కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాడు. అది చూశాక మాధవీలతకు ఆయన మీది కోపం పోయింది. ఆయన దొంగ కాదు. చెప్పిన పని శ్రద్ధగా చేసే మనిషి, అంతే. ఆ శ్రద్ధే ఇప్పుడు ఆయన్ను తినేస్తోంది.

"ఇట్లాంటి సంతకాలు ఎన్ని పెట్టించిన్రు సార్?" అని అడిగింది.

"ఇంకొకటి," అన్నాడు రాజశేఖర్. "నిన్న సాయంత్రం, అరుణ్‌కుమార్ గారే పంపితే. రావిర్యాలలో. వాళ్ళూ పన్నెండు మందే. సంతకం పెట్టింది స్వరాజ్యం అని, వాళ్ళింట్లో వంటావిడ. చదవడం రాదంటే నేనే చదివి వినిపించానండీ. నేనే వేలితో చోటు చూపించి పెట్టించాను."

"వాళ్ళ ఫ్లైటు ఎప్పుడు?"

"పొద్దున్నే వెళ్ళిపోయారు. వాళ్ళది ఇవాళ్టి షిప్పు. రెండింటికి ఎక్కించుకోవడం మొదలుపెడతారు."

గడియారంలో రెండూ ఐదు.

"ఫోన్ కొట్టుండ్రి సార్," అన్నాడు కొండల్ అందరికంటే ముందు. "ఆమెకు కొట్టుండ్రి."

రాజశేఖర్ వేళ్ళు రెండుసార్లు తప్పు నంబరు నొక్కాయి. మూడోసారి మోగింది. ఆయన స్పీకర్ పెట్టాడు. అవతల సముద్రపు గాలి, మైకులో ఎవరో ఇంగ్లీషులో పేర్లు పిలుస్తున్న గోల, ఆ గోల మీదుగా ఒక ఆడమనిషి గొంతు సంబరంగా వినిపించింది.

"సారూ! మీరు పోన్ జేస్తరనుకోలే. గింత పెద్దగుంటదా సారూ షిప్పు? మా అమ్మగారోళ్ళు ఎన్క వస్తున్నరు, నన్నే ముందుగాల నిలవెట్టిన్రు. డబ్బ నాదేనని కాయితం ఉన్నది గదా, అడిగితే జెప్పుమన్నరు."

"స్వరాజ్యం, సీసా ఎక్కడుంది?" అన్నాడు రాజశేఖర్.

"నా చేతులనే ఉన్నది సారూ, కింద పెట్టలే. అగో, కుక్కను గూడ తెచ్చిన్రు, అందరి సంచులు వాసన జూస్తుంది, మంచిగున్నది కుక్క. నా ముందట ఇగ ముగ్గురే ఉన్నరు."